కేడెట్ కెల్లీ కంటే ముందు గేటు తెరిపించినోళ్లు

మొన్న ఆదివారం హాస్టల్ రూంలో నలుగురం ఒకే ఫోన్‌లో 'కేడెట్ కెల్లీ' చూసినం. 2002లో డిస్నీ ఛానల్‌లో వచ్చిన టీవీ సినిమా, మేం పుట్టకముందుది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే కెల్లీ (హిలరీ డఫ్) ఇష్టం లేకుండానే మిలిటరీ స్కూల్లో చేరుతుంది. అక్కడ ఆమెను హడలెత్తించే కెప్టెన్ కూడా అమ్మాయే. సినిమాలో ఇదంతా మామూలే.

చరిత్రలో మామూలు కాదు. అమెరికాలో వెస్ట్ పాయింట్ అమ్మాయిలను మొదటిసారి చేర్చుకున్నది 1976లో. వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్ అయితే 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాకే, 1997లో గేటు తీసింది. మన ఎన్‌డీఏలోకి అమ్మాయిలు అడుగుపెట్టింది 2022లో, అదీ కోర్టు చెప్పాకే.

మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది మేమే మొదలు. మేం కూర్చున్న సీటు కూడా ఎవరో కొట్లాడి తెచ్చిందే. ఆ చరిత్ర మర్చిపోవద్దు.