తామ్రశాసనం నుండి పాన్ కార్డు దాకా

పన్నులూ రిజిస్ట్రేషన్లూ ఈ కాలపు తలనొప్పులనీ, వెనుకటి కళాకారుడు ఏ కాగితమూ లేకుండా హాయిగా ఆడిపాడుకొనేవాడనీ మనలో చాలామందికి ఒక నమ్మకం. మా పాలమూరు సీమ చరిత్ర అలా చెప్పదు.

2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలుగా ఏర్పడిన ఈ నేలపై ఒకప్పుడు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలుండేవి. ప్రభువులు నిజాముకు పేష్కషు చెల్లిస్తూ లోపలి వ్యవహారాలు తామే నడుపుకొనేవారు. పండితులకు వార్షికాలు, ఇనాములు ఇచ్చేవారు. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న ప్రసిద్ధి ఊరకే రాలేదు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి సత్కారాలందుకొన్నారు. ఇంతకూ ఇనామంటే ఏమిటి? భూమి మీది శిస్తును పూర్తిగానో కొంతగానో వదులుకోవడమే. నేటి భాషలో పన్ను మినహాయింపు! దానికి చేతిలో సనదు ఉండాలి, దఫ్తరులో నమోదు ఉండాలి.

మరి దర్బారు గడప తొక్కలేని చిందు భాగవతులు, డక్కలివారు, ఇతర ఆశ్రిత కళాకారుల మాటేమిటి? వారికి మిరాశీ ఉండేది. ఫలానా ఊళ్లలో ఆడి ‘త్యాగం’ అడిగే హక్కు ఫలానా కుటుంబానిదని కట్టుబాటు. అన్నదమ్ములు విడిపోతే పొలాల్లాగే మిరాశీ ఊళ్లనూ పంచుకొనేవారు, అవసరమైతే తాకట్టూ పెట్టేవారు. తమ హక్కుకు సాక్ష్యంగా తామ్రశాసనాలు దాచుకొన్న కుటుంబాలను జానపద పరిశోధకులు నమోదు చేశారు. పంటలు ఇంటికి చేరాక ఆట, తక్కిన రోజుల్లో కూలి. నేడు మనం పార్ట్‌టైం కళాకారులంటున్నది ఇటువంటివారినే కదా! అయితే అది స్వర్ణయుగమని నేననను. కులం గీసిన గీత లోపలి హక్కు అది. చేయి చాచి అడిగే హక్కేగాని సరిసమానంగా కూర్చొనే హక్కు కాదు.

1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాలు అంతరించాయి. 1955లో హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం వచ్చింది. రైతు దృష్టితో చూస్తే ఇవి న్యాయమైన మార్పులే. కాని వార్షికమిచ్చే చేయి లేకుండా పోయింది. వలసలు పెరిగి, సినిమా ఊళ్లోకి వచ్చాక మిరాశీ కూడా సన్నగిల్లింది. అలా కళాకారుని పేరు పాత పుస్తకంలో చెరిగిపోయింది, కొత్త పుస్తకంలోకి ఎక్కలేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. ఆ వెలుగు పడనివారు ఎందరో!

ఈ కొత్త పుస్తకం గురించి తెలియకపోతే నష్టం ఎలా ఉంటుందో చెబుతాను. నా దగ్గర చదువుకొన్న ఒకతను పగలు సేద్యం, రాత్రి యక్షగానం. 2023లో ఒక సంస్థ అతని బృందానికి కాక అతని పేరనే నలభై వేలు రాసి, అందులో నాలుగు వేలు పట్టుకొని ఇచ్చింది. సర్కారు పన్ను, పోయిందిలే అనుకొన్నాడు. నాకు చెప్పేసరికి రిటర్ను గడువు దాటింది. ఆ నాలుగు వేలు నిజానికి అతను కట్టవలసిన పన్నే కాదు.

చట్టం సంగతి ఇది. వృత్తి రుసుముగా లెక్కగట్టి ఇచ్చే సొమ్ము ఒక పరిమితి దాటితే ఇచ్చేవారు పది శాతం ముందుగానే కోస్తారు. 2025 ఏప్రిల్ నుండి ఆ పరిమితి ఏడాదికి 50,000 రూపాయలు. పాన్ సంఖ్య ఇవ్వకపోతే కోత ఇరవై శాతం. కోత వేరు, పన్ను వేరు. ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే, గడువులోగా రిటర్ను వేసి కోసిన సొమ్ము తిరిగి పొందవచ్చు.

జీఎస్టీ పేరు వింటే భయపడనక్కరలేదు. 2017 జులైలో అది వచ్చినప్పుడే, జానపద, శాస్త్రీయ సంగీత నృత్య నాటక ప్రదర్శనకు పుచ్చుకొనే పారితోషికం లక్షన్నర మించకపోతే పన్ను లేదని మినహాయింపునిచ్చారు. పైగా మన రాష్ట్రంలో సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే తప్ప సాధారణంగా రిజిస్ట్రేషనే అక్కరలేదు.

బృందానికి ఒక పేరు, బ్యాంకు ఖాతా కావాలంటే, ఏడుగురు కలిసి 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదు కావచ్చు. అయితే సొసైటీ లాభాలను సభ్యులు పంచుకోరాదు. ఆటకు ఇంతని పారితోషికం రాసుకొని ఇచ్చిపుచ్చుకోవాలి. తేదీ, ఊరు, వచ్చిన సొమ్ము, బండి కిరాయి, వేషాల ఖర్చు ఒక నోటుపుస్తకంలో రాసుకొంటే చాలు, లెక్క తప్పదు.

ఆ తాతలు రాగిరేకును బట్టలో చుట్టి తరతరాలుగా కాపాడుకొన్నారు. మనుమలు పన్ను కోత ధ్రువపత్రాన్ని ఇంటికి చేరకముందే పారేసుకొంటున్నారు. రెండూ హక్కుపత్రాలే. తేడా ఏమంటే, ఈ రెండోదానికి కులంతో పనిలేదు. మీ ఊరిలో ఆడేవారూ పాడేవారూ ఉంటే ఈ నాలుగు ముక్కలూ వారి చెవిన వేయండి.