లిస్బను దస్తరములో నొక కవి వాఙ్మూలము

పోర్చుగలు దేశపు ముఖ్యపట్టణమగు లిస్బనులో 'తోర్రె దొ తోంబొ' అను ప్రాచీన పత్ర భాండాగారము గలదు. తోంబొ యనగా వారి భాషలో భూముల చిట్టా. తోర్రె యనగా బురుజు. పూర్వము రాజుగారి లెక్కలును దానపత్రములును కోట బురుజులో భద్రపరచుటచే నీ పేరు వచ్చినది. 1755వ సంవత్సరపు భూకంపములో ఆ బురుజు కూలినను కాగితములు దక్కినవి. ఇన్‌క్విజిషన్ అను మతవిచారణ సభ 1821లో రద్దయిన పిమ్మట దాని దస్తరములును ఈ భాండాగారమునకే చేరినవి. వానిలో జార్జి బుకానన్ అను స్కాట్లండు కవిపై 1550లో మొదలైన అభియోగపు కట్ట యొకటి గలదు. అతడు లాటిను గద్యములో స్వహస్తముతో వ్రాసి యిచ్చిన సమాధానములు అందులో నున్నవి. తన విశ్వాస మెట్టిదో, తానేమి తప్పు చేసెనో, ఏమి చేయలేదో తెలుపు వ్రాత యది. కవి నంత కష్టమునకు దెచ్చినది మాత్రము గద్యము గాదు, ఒక వెక్కిరింత పద్యము.

విజయనగరమున కృష్ణదేవరాయలు సింహాసన మెక్కుటకు మూడేండ్ల ముందు, 1506లో, బుకానన్ స్కాట్లండులోని కిల్లర్న్ గ్రామములో జన్మించెను. చిన్ననాడే తండ్రి పోయెను. తల్లికి ఎనమండ్రు బిడ్డల భారము మిగిలెను. మేనమామ చలువచే పారిసులో చదువ మొదలిడెను గాని, రెండేండ్లకే ఆయనయు గతించుటచే చేతిలో కాసు లేక యింటికి మరలవలసి వచ్చెను. ఇట్టి కష్టముల నడుమ నేర్చిన లాటినులో అతడు సాధించిన ప్రౌఢి, ఆ భాష పుట్టిన యిటలీవారుకూడ మెచ్చదగినది.

1530వ దశకములో స్వదేశమున రాజగు అయిదవ జేమ్సు కుమారుని కతడు గురువుగా నుండెను. ఆ కాలమున ఫ్రాన్సిసు సంఘపు సన్న్యాసులపై 'స్వప్నము' అను చిన్న కావ్యము రచించెను. సంఘస్థాపకుడగు ఫ్రాన్సిసు మహాత్ముడు కలలో గనుపడి కాషాయమువంటి తమ బూడిదవన్నె అంగీని ధరింపుమని కవి నాజ్ఞాపించును. కవి యంగీకరింపడు. ఈ కల్పన అంతకుముందే డన్బార్ అను కవి స్కాట్ భాషలో చేసినదే. బుకానన్ దానికి లాటిను పదును పెట్టెను. సన్న్యాసులు నొచ్చుకొనిరి. రాజునకు మాత్రము అది చాలలేదు. ఇంకను కారముగా వ్రాయుమనెను. ఏలికయే యడుగగా కవి యేమి చేయును? ఫ్రాన్సిసు సంఘములో చేరదలచిన మిత్రుని మాన్పించుట నెపముగా, మఠములోని మోసములనెల్ల ఒక ముసలి సన్న్యాసి నోటనే చెప్పించుచు, 'ఫ్రాన్సిస్కానుస్' అను పెద్ద కావ్యమున కారంభించెను.

వ్రాయించిన రాజు వ్రాసినవానిని కాపాడలేదు. 1539లో మతభ్రష్టులను పట్టుకొనునపుడు బుకానన్‌కూడ చెరలో పడెను. కావలివారు నిద్రించుచుండగా కిటికీ దాటి పారిపోయి, ఇంగ్లండు మీదుగా ఫ్రాన్సు చేరెను. బోర్డో పట్టణపు కళాశాలలో ఉపాధ్యాయుడై లాటినులో నాటకములు రచించెను. పిమ్మట వ్యాసరచనకు లోకప్రసిద్ధుడైన మొంతేన్ అప్పుడచ్చట బాలుడు. గురువుగారి నాటకములలో వేషములు కట్టెను.

1547లో పోర్చుగలు రాజగు మూడవ జాన్ పిలుపుపై పండితు లనేకులు కోయింబ్రా కళాశాలకు వెడలిరి. బుకానన్ వారిలో నొకడు. ఆ రాజ్యపు సిరికి మూలము మన దేశపు సరకు. మలబారు తీరపు మిరియములు ఓడలలో లిస్బను చేరుచుండెను. గోవా 1510 నుండి వారి వశములో నుండెను. పిమ్మట అచ్చయిన యొక చాటువులో బుకానన్ పెక్కు బిరుదములు గల ప్రభువు నొకని నెత్తి పొడిచెను. యుద్ధమువలననో కడలివలననో మిరియాల అంగడి మూతపడినచో నా బిరుదములు కడుపు నింపవని దాని సారము. ఆ ప్రభు వెవడో పాఠకులు ఊహింపగలరు. బుకానన్‌ను విచారించినట్టి మతవిచారణ సభనే 1560లో పోర్చుగీసువారు గోవాలోను నెలకొల్పిరి.

పిలిపించిన అధ్యక్షుడు గూవియా 1548లో మరణించెను. 1550 ఆగస్టులో బుకానన్‌ను, అతని తోడివారగు తైవె, కోస్టా అనువారిని పట్టుకొనిరి. సన్న్యాసులపై కావ్యము వ్రాసెననియు, ఉపవాస దినములలో మాంసము తినెననియు, ప్రభుభోజన సంస్కారమును గూర్చి విపరీతముగా మాటలాడెననియు నేరములు మోపిరి. కావ్యపు ప్రతి ఒక్కటే యనియు, దానిని స్కాట్లండు రాజునకు దక్క నింకెవరికిని ఈయలేదనియు బుకానన్ పిమ్మట వ్రాసెను. ఆ మాట నిజమైనచో, చూడని దస్తావేజుపై వ్యాజ్యము నడచినట్లే!

ముసలితనమున, 1580 ప్రాంతమున, అతడు తన చరిత్రను తానే ప్రథమపురుషలో, పరుని గూర్చి చెప్పినట్లు వ్రాసెను. అందు విచారణ కొద్ది వాక్యములలో ముగియును. కావ్యము, మాంసము, మూర్ఖులగు సాక్షులు, అంతియే. లిస్బను కట్ట వేరుగా పలుకును. అందు అతడు కొన్నింటిని గట్టిగా నిరాకరించెను. మరికొన్నింట తన మనస్సు ఊగిసలాడినదని యొప్పుకొనెను. ప్రభుభోజనమును గూర్చి, పాపశుద్ధి లోకమును గూర్చి, తనకు సందేహములు కలిగిన మాట దాచలేదు. ఈ యొప్పుకోలు ఆత్మచరిత్రలో కానరాదు. భయముచే నొప్పుకొనెనా, సత్యమే పలికెనా? గ్రామ దస్తరములు చూచినవారికి తెలియును: సంతకము చేసిన వాఙ్మూలములో భయమును సత్యమును ఒకే సిరాతో నుండును. ఐనను, అంతయు కాదనుట సులభమైన చోట కొంత ఔననినవాని మాటకు విలువ యెక్కువ. పిరికితన మనువారితో ఏకీభవింప వీలులేదు.

1551 జూలైలో తీర్పు వెలువడెను. తప్పులను విడనాడునట్లు ప్రమాణము చేయించి, సన్న్యాసుల బోధ వినుటకై సెయింట్ బెనిడిక్టు పేరిటి మఠములో నుంచిరి. అచ్చటివారు దుర్మార్గులు గారు, దయగలవారే. మతమును గూర్చి మాత్రము వారి కేమియు తెలియదని బుకానన్ వ్రాసెను. ఆ చెరలోనే దావీదు కీర్తనలను లాటిను పద్యములుగా మార్చు పనిలో చాల భాగము నడచెను. 1552 ఫిబ్రవరి చివర పూర్తిగా విడుదలయ్యెను. కీర్తనలు అచ్చయి, చిరకాలము బడులలో పాఠ్యగ్రంథమయ్యెను. సన్న్యాసులపై కావ్యముకూడ 1566లో బయటికి వచ్చెను.

ఈ కట్ట మూడున్నర శతాబ్దములు కంటబడకుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివర హెన్రిక్స్ అను పండితుడు వెలికి దీసి 1906లో గ్రంథముగా వెలువరించెను. 1939లో ఐట్కెన్ దాని కింగ్లీషు అనువాదము చేసెను.

బుకానన్ 1582 సెప్టెంబరులో ఎడింబరోలో కన్నుమూసెను. గ్రేఫ్రయర్స్ అను శ్మశానములో ఖననము చేసిరి. గ్రేఫ్రయర్స్ అనగా బూడిదవన్నె అంగీల సన్న్యాసులు. మఠము మూతపడక పూర్వము ఆ నేల ఫ్రాన్సిసు సంఘమువారి తోట.