రేవున నిలిచినవారు, ఓడ యెక్కినవారు

2011 డిసెంబరు 8వ తేదీన అమెరికాలోని మయామి రేవునుండి 'సెలెబ్రిటీ మిలీనియం' అను విహారనౌక బయలుదేరెను. కీ వెస్ట్ దీవిని, మెక్సికో దేశమునకు చెందిన కోసుమెల్ దీవిని చూపించి, 12వ తేదీన యాత్రికులను మరల మయామికి చేర్చుట దాని కార్యక్రమము. ఆ సముద్రములలో ఇట్టి విహారయాత్రలు నిత్యకృత్యములు. కాని ఈ నౌక నెక్కినవారు సముద్రమును చూచుటకు గాక, పాత సినిమాలను చూచుటకు ఎక్కిరి. పాత చలనచిత్రములను ప్రసారము చేయు 'టర్నర్ క్లాసిక్ మూవీస్' అను టెలివిజన్ సంస్థ తన ప్రేక్షకుల కొరకు ఈ యాత్రను ఏర్పాటు చేసి, ఆనాటి చిత్రములలో పనిచేసినవారిలో మిగిలియున్న కొందరిని అతిథులుగా పిలిచెను.

నాలుగు దిక్కుల నీలజలములు మెరయుచుండగా చీకటిగదిలో కూర్చుండి, అరువదేండ్ల నాటి నలుపు తెలుపు బొమ్మలను చూచుట యేమి వెర్రియని శ్రోతలలో కొందరు నవ్వవచ్చును. అయితే ఓడకును సినిమాతారకును పూర్వమొక సంబంధము కలదు. అది తెలిసినచో ఈ యాత్ర అంత వెర్రిగా తోచదు.

విమానములు ఇంకను మహాసముద్రమును దాటని కాలములో ఐరోపానుండి అమెరికాకు గాని, అమెరికానుండి ఐరోపాకు గాని పోవుటకు ఓడ తప్ప వేరు మార్గము లేదు. రాజైనను, కూలివాడైనను, సినిమాతార యైనను ఆ యోడ మెట్లే ఎక్కవలెను, ఆ మెట్లే దిగవలెను. కావున సామాన్యుడు తారను కన్నులార చూడగల చోటు రేవు. న్యూయార్కు పత్రికలకు ఓడల వార్తల కొరకే ప్రత్యేకముగా విలేఖరులుండిరి. ఓడ రేవు చేరకమునుపే వైద్యపరీక్ష కొరకు ఆగుచోటికి వారు చిన్న పడవలో పోయి, తాడునిచ్చెన పట్టుకొని పైకెక్కి, ప్రసిద్ధులను వెదకి పట్టెడివారు. నటీమణులు ఓడ యంచున కమ్మీపై కూర్చుండి చేయి ఊపుచున్నట్లు తీసిన ఛాయాచిత్రములు ఆనాటి పత్రికలలో కొల్లలు. ఇది చిత్రనిర్మాతలకు ఖర్చులేని ప్రచారము. పత్రికలకు అమ్ముడుపోవు సరకు.

1920లో మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫేర్‌బ్యాంక్స్ వివాహము చేసికొని, 'లాప్లాండ్' అను ఓడపై ఐరోపాకు పోయిరి. ఒక తారను ప్రపంచమంతయు ఒకేసారి గుర్తుపట్టుట యనునది చరిత్రలో క్రొత్త విషయము. మూకీ చిత్రమునకు భాష అడ్డు కాదు గదా! లండనులో నాటక కళాకారుల ఉద్యానవిందునకు వారు పోయినపుడు జనము మేరీని కారునుండి క్రిందికి లాగినంత పని చేసిరి. భర్త ఆమెను భుజములపై కెత్తుకొని బయటపడవలసి వచ్చెను. తిరుపతి కొండ దిగి, అటనుండి మద్రాసు చేరి, నందమూరి తారక రామారావు గారి యింటి ముంగిట ఆగిన యాత్రికుల బస్సుల నెరిగిన తెలుగువారికి ఈ తొక్కిసలాట వింతగా తోచదు. అయితే ఒక విషయమును గమనింపవలెను. ఆ దంపతులకు వెనుక న్యూయార్కున జనము, ముందు లండనున జనము. నడుమ నీటిమీద గడపిన ఆ కొలది దినములే వారికి విశ్రాంతి. ఓడ తారను జనులనుండి దాచెడి గది.

చార్లీ చాప్లిన్ జీవితమును ఓడల పేర్లతోనే చెప్పవచ్చును. 1910లో ఫ్రెడ్ కార్నో నాటక బృందములో ఒకడుగా 'కెయిర్న్‌రోనా' అను చిన్న యోడపై ఆయన అట్లాంటిక్ దాటెను. అప్పుడాయన వయస్సు 21 సంవత్సరములు. ఆ యోడలోనే తరువాత స్టాన్ లారెల్ అను పేర ప్రసిద్ధుడైన మరొక యువకుడును ఉండెను. వారిని చూచుటకు ఏ రేవునను ఎవరును నిలువలేదు. 1921 సెప్టెంబరులో చాప్లిన్ స్వదేశమునకు తిరిగి వచ్చునపుడు ఎక్కిన ఓడ 'ఒలింపిక్'. మునిగిపోయిన 'టైటానిక్' నకు అక్క. లండనులోని వాటర్లూ స్టేషనువద్ద ఆయనను చూచుటకు వేలకొలది జనులు చేరిరి. ఈ 'ఒలింపిక్' పేరును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

1925 జూలైలో గ్రేటా గార్బో స్వీడను నుండి 'డ్రాట్నింగ్‌హోం' అను ఓడపై న్యూయార్కులో దిగినపుడు ఆమె యెవరో అచట దాదాపు ఎవరికిని తెలియదు. కొలది సంవత్సరములలో ఆమె, రేవున విలేఖరులను తప్పించుకొని తిరుగుటకే ప్రసిద్ధి కెక్కెను. 1930 ఏప్రిల్ 1వ తేదీ రాత్రి బెర్లినులో 'బ్లూ ఏంజెల్' చిత్రపు తొలి ప్రదర్శన ముగియగనే మార్లీన్ డీట్రిష్ రైలెక్కి, 'బ్రెమెన్' నౌకను అందుకొని అమెరికాకు పోయెను.

ఇక చాప్లిన్ మూడవ ఓడ. 1952 సెప్టెంబరులో ఆయన భార్యాబిడ్డలతో 'క్వీన్ ఎలిజబెత్' నౌకపై న్యూయార్కునుండి లండనుకు బయలుదేరెను. తన క్రొత్త చిత్రము 'లైమ్‌లైట్' ప్రథమ ప్రదర్శనకై ఆ ప్రయాణము. అప్పటికి ఆయన రాజకీయాభిప్రాయములపై అమెరికాలో నిందలు చెలరేగియుండెను. దానికి తోడు ఒక వ్యాజ్యములో తాఖీదు అందజేయుటకు మనుష్యులు వెదకుచుండిరి. అందుచే ఓడ కదలువరకు ఆయన తన గదిలో తలుపు వేసికొని యుండవలసి వచ్చెను. రచయితయు, చిత్రవిమర్శకుడును ఐన జేమ్స్ ఏజీ వీడ్కోలు చెప్పుటకు వచ్చి రేవున నిలిచెను. మూకీ హాస్యచిత్రములను లోకము మరచుచున్న దినములలో, 1949లో, వానిపై గొప్ప వ్యాసము వ్రాసి వానికి మరల గౌరవము కలిగించినవాడతడు. గోడప్రక్కన ఒంటరిగా నిలిచి అతడు ఓడను తేరిపార చూచుచుండెను. చాప్లిన్ గుండ్రని అద్దపు కిటికీనుండి తన టోపీని ఎంతగానో ఊపెను. ఏజీ చూడలేదు. ఈ సంగతి చాప్లిన్ తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఆ స్నేహితునాయన మరల చూడలేదు. 1955లో ఏజీ మరణించెను.

ఓడ నడిసముద్రమున నుండగనే, సెప్టెంబరు 19వ తేదీన, చాప్లిన్ అమెరికాకు తిరిగి వచ్చు అనుమతిని రద్దుచేసినట్లు ఆ దేశపు అటార్నీ జనరల్ ప్రకటించెను. ఆయన తిరిగి ఆ గడ్డపై అడుగిడినది 1972లో, ఇరువదేండ్ల తరువాత, అదియు విమానముపై. ప్రపంచమున అందరికంటె ఎక్కువమంది గుర్తుపట్టగల మనుష్యుడు కిటికీవెనుకనుండి టోపీ ఊపుచుండగా, ఆయనను అందరికంటె బాగుగా అర్థము చేసికొన్న ప్రేక్షకుడు రేవునుండి చూడలేకపోవుట! తారకును ప్రేక్షకునికిని నడుమ ఓడ యెట్టి అడ్డుగోడయో చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము మాకు తెలియదు.

ఓడలపై సాగిన తారావైభవమునకు తుది ఘట్టము 1956 ఏప్రిల్‌లో జరిగెను. నటి గ్రేస్ కెల్లీ మొనాకో ప్రభువును వివాహమాడుటకు 'కాన్‌స్టిట్యూషన్' నౌకపై ఏప్రిల్ 4వ తేదీన న్యూయార్కు విడిచెను. బంధువులు, స్నేహితులు, పెంపుడు కుక్క, విలేఖరులు అందరును అదే ఓడపై నుండిరి. 12వ తేదీన మొనాకో అఖాతములో ప్రభువు తన నావలో ఎదురేగి ఆమెను ఎక్కించుకొనెను. పైనుండి ఒక విమానము ఎరుపు, తెలుపు పూవులను కురిపించెను. మరుసటి సంవత్సరము 'ఆన్ ఎఫేర్ టు రిమెంబర్' చిత్రమున నాయికా నాయకులు ప్రేమించుకొన్నదియు ఇదే 'కాన్‌స్టిట్యూషన్' పైననే. వాస్తవమున ముగియుచున్నదానిని సినిమా పట్టి దాచుకొనుట సామాన్యమే.

ఏలయన 1958 అక్టోబరులో జెట్ విమానములు అట్లాంటిక్ దాటసాగెను. అయిదు దినముల ప్రయాణము ఒక్క పూటలో ముగిసినపుడు ఓడ యెవరికి కావలెను? తారలు విమానాశ్రయములకు మారిరి. విలేఖరులును వారి వెంబడి పోయిరి. 'క్వీన్ మేరీ' 1967 డిసెంబరు 9వ తేదీన కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ చేరి, అచటనే హోటలుగా నిలిచిపోయెను. ఓడల యజమానులు వేరొక ఉపాయము పన్నిరి. 1966 డిసెంబరులో 'సన్‌వర్డ్' అను నౌక మయామినుండి విహారయాత్రలు ప్రారంభించెను. ఈ యాత్రలకు గమ్యమనునది లేదు. బయలుదేరిన రేవే చేరవలసిన రేవు. ఓడ ప్రయాణసాధనముగా నుండుట మాని, తానే ఒక ఊరయ్యెను.

ఆ కాలముననే హాలీవుడ్డు పెద్ద స్టూడియోలును చితికిపోయి, పూర్వపు తారలకు పని తగ్గెను. 1977 నుండి 1986 వరకు అమెరికా టెలివిజనులో నడచిన 'ది లవ్ బోట్' అను ధారావాహిక వారికి ఒక ఆశ్రయమయ్యెను. విహారనౌకపై వారము వారము క్రొత్త ప్రయాణికులు ఎక్కుట దాని కథావిధానము. ఆ ప్రయాణికుల వేషములలో జింజర్ రోజర్స్, ఒలీవియా డి హావిలాండ్, లానా టర్నర్ కనిపించిరి. 1912 నుండియు గ్రిఫిత్ మూకీ చిత్రములలో నటించిన లిలియన్ గిష్ కూడ అందొక వేషము వేసెను. పండితులు ఈ ధారావాహికను తేలిక సరకని తీసివేసిరి. సరకు తేలికయే కావచ్చును. కాని పాత తారను ఓడమీద, సామాన్యుల నడుమ చూచుట యను అలవాటును జనులకు నేర్పినది అదియే యని మా అభిప్రాయము.

ఇప్పుడు 2011 యాత్రకు మరల వత్తము. అతిథులు నలుగురు: ఎవా మేరీ సెయింట్, టిప్పీ హెడ్రెన్, ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్, దర్శకుడు నార్మన్ జ్యూయిసన్. బోర్గ్‌నైన్ వయస్సు 94. నటుడు కాకమునుపు ఆయన అమెరికా నౌకాదళములో పనిచేసినవాడు. 'మార్టీ' చిత్రమునకు ఉత్తమ నటుడుగా ఆస్కారు పొందినవాడు. 1972లో, తలక్రిందులైన నౌక కథయగు 'పొసైడన్ అడ్వెంచర్' లోను నటించెను. ఆ చిత్రములోని కొన్ని దృశ్యములను లాంగ్‌బీచ్‌లో నిలిచిపోయిన 'క్వీన్ మేరీ' పైననే తీసిరి.

పగలును రాత్రియు చిత్రప్రదర్శనలు, అతిథులతో సంభాషణలు, సినిమా సంగతులపై పోటీలు జరుగుట ఇట్టి యాత్రల పద్ధతి. ఇది వ్యాపారము కాదని ఎవరును అనజాలరు. టిక్కెట్టు కొనగలవారికే ఈ దర్శనము. పూర్వము రేవున నిలుచుటకు కానీ ఖర్చు లేదు. అయినను ఓడమీద ఒక విశేషము కలదు: ఎవరును బయటకు పోలేరు. తార ఉపన్యసించి కారెక్కి వెళ్లిపోవుట యుండదు. ఉదయము ఫలహారపు వరుసలోను, సాయంకాలము మెట్లవద్దను అతడే ఎదురగును. పూర్వము తారను దాచిన ఆ నీరే ఇప్పుడు తారను ప్రేక్షకుని చెంత నిలిపినది.

ఇంత తహతహ యెందుకు? అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము 2013లో ప్రకటించిన ఒక పరిశీలన ప్రకారము, 1912కును 1929కిని నడుమ ఆ దేశమున వెలువడిన 10,919 మూకీ కథాచిత్రములలో మొదట విడుదలైన రూపమున మిగిలినవి నూటికి 14 మాత్రమే. తక్కినవానిలో పెక్కు కాలిపోయినవి, కుళ్లిపోయినవి, పారవేయబడినవి. చూచువారు లేరను భావముచేతనే వానిని కాపాడువారు లేకపోయిరి. 1994 ఏప్రిల్ 14న ఆ టెలివిజన్ సంస్థ ప్రారంభమగునాటికి ఈ నష్టము ఏనాడో జరిగిపోయినది. మిగిలినవానిని ఎవరింట వారు ఒంటరిగా రాత్రివేళ చూచుచు, తమవంటివారు మరెందరు గలరో ఎరుగకుండిరి. ఓడ యెక్కినపుడు వారికి తారలకంటె ముందుగా ఒకరినొకరు చూచు భాగ్యము కలిగినది.

'మిలీనియం' నౌకలో ఆనాడు ఒక భోజనశాల యుండెను. దాని గోడలకు బిగించిన అక్రోటు కర్ర పలకలు 1935లో విశ్రమించి, తరువాత ముక్కలు చేయబడిన పాత 'ఒలింపిక్' నౌకయొక్క భోజనశాలనుండి వచ్చినవి. ఇంగ్లండులో ఒక గృహమున చాలకాలముండి, 2000 సంవత్సరమున ఈ క్రొత్త నౌక సిద్ధమైనపుడు మరల సముద్రమునకు చేరినవి. 1921లో చాప్లిన్ పయనించిన ఓడ పలకల నడుమ, తొంబదేండ్ల తరువాత చాప్లిన్ అభిమానులు భోజనము చేయగలిగిరి.

2012 జూలై 8న, యాత్ర ముగిసిన ఏడు నెలలకు, బోర్గ్‌నైన్ కన్నుమూసెను. ఆ సంస్థ చిత్రములను ఆదినుండి ప్రేక్షకులకు పరిచయము చేసిన రాబర్ట్ ఆస్బోర్న్ 2017 మార్చిలో మరణించెను. జ్యూయిసన్ 2024 జనవరిలో. పిమ్మటను కొన్ని సంవత్సరములు వేరు నౌకలపై ఇట్టి యాత్రలు జరిగెను.

ఎవా మేరీ సెయింట్ 2024 జూలై 4న నూరేండ్లు నిండించుకొనెను. ఆమె తొలిచిత్రము 1954 నాటి 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్'. ఓడరేవు కూలీల కథ. దానిని హోబోకెన్ రేవున తీసిరి. నదికి ఆవలియొడ్డున కనబడునవి న్యూయార్కు రేవులు. ఆ పాత్రను మొదట గ్రేస్ కెల్లీకి ఇయ్యజూపిరి. ఆమె 'రియర్ విండో' చిత్రమును కోరుకొనుటచే అది సెయింట్‌కు దక్కెను, ఆస్కారును తెచ్చెను. రెండేండ్ల తరువాత కెల్లీ ఆవలియొడ్డున ఓడ యెక్కి మొనాకోకు పోయెను.