కాటన్ దొర: పై అధికారులకు కొరుకుడుపడని ఇంజనీరు

ప్రత్యేక సంచికకు మన శాఖ చరిత్ర ఏదైనా రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరారు. గోదావరి కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరైనవాడిని కనుక నాకు ముందుగా గుర్తుకొచ్చేది సర్ ఆర్థర్ కాటన్ గారే. ఆయనను గురించి కొత్తగా రాసేదేముంది అంటారేమో! ఊరూరా విగ్రహాలున్నాయి, మే 15న దండలు వేస్తున్నాం. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన పేరు తలచుకునే పురోహితులూ ఉన్నారు. అయితే ఆయన కూడా మనలాగే సర్వీసు చేసి పెన్షన్ పుచ్చుకున్న ఉద్యోగి అనీ, పైవారికి నచ్చని మాటలు రాసి చిక్కులు తెచ్చుకున్నవాడనీ దండలు వేసే వేళ ఎవరూ చెప్పుకోరు. నేను రాయదలచింది ఆ సంగతే.

కాటన్ 1803లో పుట్టారు. మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి 1821లో ఇండియాకు వచ్చారు. 1824-26 నాటి బర్మా యుద్ధంలో పోరాడి వచ్చిన తరువాత కావేరి పనుల మీద వేశారు. ఇసుక నేల మీద శతాబ్దాలుగా నిలిచివున్న కల్లణైని, అంటే మన పూర్వులు కట్టిన ఆనకట్టను, ఆయన శ్రద్ధగా పరిశీలించారు. 1836 నాటికి కొళ్ళిడం మీద ఆనకట్టలు కట్టించారు. ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో స్థానికుల పనిని చూసి నేర్చుకున్నానని చెప్పుకోవడానికి ఆ దొర నామోషీ పడలేదు.

ఇక గోదావరి సంగతి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నందన కరువు, తుపానులు, వలసలు అన్నీ ఆ ఇరవై ఏళ్ళలోనే. పక్కన అంత నది పారుతూ ఉండగా జనం తిండిలేక చావడం ప్రకృతి దోషం కాదు, ప్రభుత్వం పట్టించుకోకపోవడం వల్లనేనని కాటన్ వాదన. 1844-45లో పంపిన నివేదికలలో ఆనకట్ట ఎందుకు కావాలో గట్టిగా రాశారు. పని మంజూరైంది గాని ఎస్టాబ్లిష్‌మెంట్ మంజూరు కాలేదు. ఆరుగురు ఇంజనీర్లను, ఎనిమిదిమంది జూనియర్లను, రెండువేలమంది తాపీపనివారిని అడిగితే, మొదట దొరికింది పని తెలియని ఒక కుర్ర అధికారి, ఇద్దరు సర్వేయర్లు, కొందరు అప్రెంటిసులు. (అడిగినదానికీ ఇచ్చినదానికీ పొంతన లేకపోవడం ఆనాడే ఉందన్నమాట!)

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం రెండుంబావు మైళ్ళు. కూలీలను కూడగట్టి పని నడిపించిన ఓవర్సీరు వీణం వీరన్న గారిని మనం మరువరాదు. 1848లో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్ళగా, కెప్టెన్ ఆర్ పని సాగించారు. 1852కి ఆనకట్ట పూర్తయింది.

అక్కడితో ఊరుకుంటే ఆయనకు సుఖంగానే ఉండేది. కాని 1854లో ఇండియాలోని ప్రజాపనుల మీద పుస్తకం రాసి, ప్రభుత్వం దేశాన్ని ఎంత నిర్లక్ష్యం చేస్తున్నదో అచ్చువేయించారు. అప్పుడాయన ఇంకా సర్వీసులోనే ఉన్నారు! రైళ్ళ కంపెనీలకు నూటికి అయిదు వడ్డీ హామీ ఇస్తూ, కాలువలకు చెయ్యి ముడుచుకుంటారేమని అడిగారు. రైలు ధాన్యాన్ని మోస్తుందే గాని పండించదు, కాలువ రెండు పనులూ చేస్తుంది. ఇదీ ఆయన వాదన సారాంశం. రైళ్ళలో పెట్టుబడి పెట్టినవారికి ఇది రుచిస్తుందా?

ఆయన అన్నవన్నీ నిజమయ్యాయని నేననను. ఆయన ప్రోద్బలంతో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి కర్నూలు-కడప కాలువ తవ్వింది. ఖర్చు అంచనా దాటిపోయింది. నల్లరేగడిలో వానకు జొన్న పండించుకునే రైతు నీటికి డబ్బు కట్టడానికి ముందుకు రాలేదు. డెల్టా రైతును చూసి రాయలసీమ రైతును లెక్కగట్టడం పొరపాటేనని నా అభిప్రాయం. ప్రత్యర్థులకు అదే ఆయుధమైంది. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. అయితే ఆ కాలువ కిందనే ఈనాటికీ కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో పంటలు పండుతున్నాయి.

1876-78లో మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చి లక్షలమంది పోయారు. గోదావరి డెల్టా మాత్రం తాను తిని, ఇతరులకు ధాన్యం పంపింది. 1878లో లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ కూర్చుంది. అప్పటికి రిటైరైపోయి 75 ఏళ్ళ వయసులో ఉన్న కాటన్ దాని ముందు సాక్ష్యమిచ్చారు. కర్నూలు కాలువ నష్టం మీద ఆయనను గట్టిగా నిలదీశారు. ఆయన వెనక్కు తగ్గలేదు, కమిటీ కూడా ఆయన పథకాలను ఒప్పుకోలేదు. తీరా 1880లో కరువు కమిషన్, అనావృష్టి నుంచి కాపాడే పనులలో నీటిపారుదలకే మొదటి స్థానమని రాసింది.

కాటన్ గారు రిటైరయ్యాక డార్కింగ్‌లో స్థిరపడ్డారు. నేలను లోతుగా తవ్వితే గోధుమ దిగుబడి పెరుగుతుందని ఇంటి తోటలోనే ప్రయోగాలు చేస్తూ, 1899 జూలైలో 96వ ఏట కన్నుమూశారు.