నేల, జనం, లెక్క: అలబామాలో ఒక కౌంటీ చరిత్ర

ఒక ప్రాంతాన్ని వర్ణించటానికి భూగోళ గ్రంథాలలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ముందు విస్తీర్ణం, తరువాత నదులు, నేల స్వభావం, పంటలు, చిట్టచివర జనసంఖ్య. ఈ వరుస చూస్తే నేల నుంచి పంట, పంట నుంచి జనం వాటంతటవే మొలుచుకొచ్చినట్లు తోస్తుంది. ఆ నేల ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఆ పట్టికలో గడి వుండదు. ఈ లోపం ఎంతటిదో గ్రహించటానికి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఒక పల్లెప్రాంతపు చరిత్రను పరిశీలించదలిచాను. అది అలబామా రాష్ట్రంలోని లౌండ్స్ కౌంటీ. కౌంటీ అంటే పాలనలో మన జిల్లా వంటిదే. కాని 2020 జనగణన ప్రకారం ఇక్కడి జనం 10,311 మంది. మన దేశంలో ఒక పెద్ద గ్రామంలో వుండేటంత మంది.

కౌంటీ వైశాల్యం 700 చదరపు మైళ్ళకు పైచిలుకు. ఉత్తరపు హద్దున అలబామా నది. తూర్పున రాష్ట్ర రాజధాని మాంట్‌గొమరీ, పడమట సెల్మా పట్నం; ఆ రెంటినీ కలిపే 80వ నెంబరు రహదారి ఈ కౌంటీ మీదుగా పోతుంది. పాలనాకేంద్రం హేన్‌విల్ అనే చిన్న వూరు. కోట్ల ఏళ్ళ క్రితం, క్రెటేషియస్ యుగంలో, సముద్రం ఇక్కడిదాకా పరుచుకొని వుండేది. ఆనాటి సూక్ష్మజీవుల గుల్లలు పేరుకొని సుద్దరాయి పొరలైనాయి. ఆ సుద్ద మీద ఏర్పడిన నల్లని జిగటమన్ను పత్తికి ప్రసిద్ధం. ఇటువంటి నేల అలబామా నడుమ ఒక పట్టీలాగా సాగుతుంది. దానికే ‘బ్లాక్ బెల్ట్’, అనగా నల్లపట్టీ, అని పేరు. మన నల్లరేగడి చేలు ఎరిగినవారికి ఈ నేలను ఊహించుకోవటం కష్టం కాదు. ఈ రెండు నేలలనూ ఒకే మార్కెట్టు ముడివేసింది కూడా. 1861-65 అంతర్యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోగా, గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవున ఓడలెక్కి ఇంగ్లండు మిల్లులకు పోయింది.

‘నల్లపట్టీ’ అనే మాటకు అర్థం మారిన తీరు గమనించదగినది. మొదట ఆ పేరు మట్టి రంగును బట్టి వచ్చిందనీ, తరువాత నల్లవారు అధికసంఖ్యాకులుగా వున్న ప్రాంతాలకు రాజకీయార్థంలో వాడుకైందనీ బుకర్ టి. వాషింగ్టన్ తన ఆత్మకథలో రాశాడు. ఈ అర్థ పరిణామాన్ని చూసి ముచ్చటపడే పండితులు నేటికీ వున్నారు. పురాతన సముద్రతీరపు పటం ఒకటి, ఎన్నికల ఫలితాల పటం ఒకటి పక్కపక్కన పెట్టి, సముద్రం సుద్దనిచ్చింది, సుద్ద నల్లమట్టినిచ్చింది, మట్టి పత్తినిచ్చింది, పత్తి నల్లవారినిచ్చింది, వారు ఫలానా పార్టీకి వోట్లిచ్చారు అని గొలుసు అల్లుతారు. గొలుసు అందంగానే వుంది. కాని అందులో ఒక లంకె లేదు. పత్తి మనుషులను తీసుకురాదు. మనుషులను కొని, సంకెళ్ళు వేసి తీసుకువచ్చినవారు మనుషులే. మట్టికీ జనాభాకూ మధ్య ఆస్తి సంబంధాలు వున్నాయి. వాటిని తొలగించి చూస్తే చరిత్ర కాస్తా ప్రకృతిగా కనపడుతుంది. ప్రకృతిని ఎవరూ తప్పుపట్టలేరు!

ఈ నేల మొదట మస్కోగీ ప్రజలది. తెల్లవారు వారిని ‘క్రీకులు’ అన్నారు. 1813 డిసెంబరులో అమెరికన్ సైన్యం వారి ‘హోలీ గ్రౌండ్’ గ్రామాన్ని ధ్వంసం చేసింది. ఆ స్థలం ఈ కౌంటీలోనే వుంది. 1814 నాటి ఫోర్ట్ జాక్సన్ సంధితో 2 కోట్ల ఎకరాలకు పైగా భూమి వారి చేజారిపోయింది. 1819లో అలబామా రాష్ట్రమైంది; 1830లో లౌండ్స్ కౌంటీ ఏర్పడింది. 1860 జనగణన వచ్చేసరికి జనాభా 27,716. అందులో 19,340 మంది బానిసలు. స్వతంత్రులైన నల్లవారు 14 మంది! వంటచెరకు లెక్కించినట్లు మనుషులను లెక్కించిన కాలమది. అయినా ఆ లెక్క యజమానులకు రాజకీయంగానూ పనికివచ్చింది. 1787 రాజ్యాంగం ప్రకారం అయిదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా కట్టి, ఆ మేరకు దక్షిణ రాష్ట్రాలకు కాంగ్రెసులో స్థానాలు పెంచారు. బానిసకు వోటు లేదు; కాని బానిస సంఖ్య యజమాని వోటుకు బరువు తెచ్చింది.

బానిసత్వం 1865లో చట్టరీత్యా పోయింది. భూమి మాత్రం పాత చేతుల్లోనే నిలిచింది. విముక్తులైనవారు అదే చేలలో, పంటలో వాటా ఇచ్చే కౌలుకు దిగారు. విత్తనం, తిండి, కాడి అన్నీ దొర దగ్గర అప్పు. ఏడాది చివర పద్దు రాసేదీ దొరే. 1900లో కౌంటీ జనాభా 35,651కి చేరింది. వారిలో నూటికి ఎనభైకి పైగా నల్లవారే. సరిగా ఆ మరుసటి ఏడే, 1901లో, అలబామా కొత్త రాజ్యాంగం అక్షరాస్యత, ఆస్తి, తలపన్ను షరతులతో వారి వోటును వూడబెరికింది.

సాహిత్య విద్యార్థులకు ఇక్కడొక విషయం ప్రత్యేకించి చెప్పాలి. 1906లో సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. దుబాయిస్, కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ కోసం, సహాయకులతో ఈ కౌంటీలో ఇంటింటికీ తిరిగి భూమి, కౌలు, అప్పు, కుటుంబ జీవనం, రాజకీయ హక్కులు అన్నీ విచారించి నివేదిక తయారుచేశాడు. అంటే భూగోళ పట్టికలో లేని గడిని నింపాడన్నమాట. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. తరువాత వాకబు చేయగా రాతప్రతి నాశనం చేయబడిందని జవాబు వచ్చింది. ఆ సామగ్రిని అతడు 1911లో ‘ది క్వెస్ట్ ఆఫ్ ది సిల్వర్ ఫ్లీస్’ నవలలో కొంత వినియోగించుకున్నాడు. గణాంకాన్ని అణచివేస్తే వాస్తవం నవలలోకి ప్రవేశించింది. వాస్తవికతావాదం కేవలం ఒక శైలి అనే విమర్శకులు ఈ ఉదంతాన్ని ఆలోచించాలి.

1935లో కమ్యూనిస్టుల నాయకత్వంలోని కౌలురైతుల సంఘం పత్తితీత కూలికై సమ్మె చేసింది. లౌండ్స్‌లో దాన్ని తుపాకులతో, కొరడాలతో అణచారు. ఈ కౌంటీకి ‘నెత్తుటి లౌండ్స్’ అని పేరు వూరికే రాలేదు. ఒకవైపు ఈ హింస, మరొకవైపు పత్తికాయ పురుగు, యంత్రాలు, ఉత్తరాది ఫ్యాక్టరీల పిలుపు. జనం కదిలిపోయారు. 1960 నాటికి 15,417 మంది మిగిలారు. వారిలోనూ అయిదింట నాలుగు వంతులు నల్లవారు. కాని 1965 ఆరంభంలో వోటర్ల జాబితాలో నల్లవారి పేరు ఒక్కటీ లేదు. వోటు వయసు వచ్చిన తెల్లవారికన్న జాబితాలోని తెల్లవారి పేర్లే ఎక్కువ! చనిపోయిన తెల్లవారికున్న వోటు బతికున్న నల్లవారికి లేదు.

ఆ మార్చిలో సెల్మా నుంచి మాంట్‌గొమరీకి సాగిన పాదయాత్ర ఈ కౌంటీని దాటింది. యాత్ర ముగిసిన రాత్రి, మార్చి 25న, యాత్రికులను కారులో చేరవేస్తున్న వయోలా లియుజోను ఈ రహదారి మీదే కాల్చి చంపారు. ఆగస్టులో వోటు హక్కు చట్టం వచ్చింది. అదే నెల 20న హేన్‌విల్‌లో జొనాథన్ డేనియల్స్ అనే మతవిద్యార్థి హతుడైనాడు. హంతకుణ్ణి తెల్లవారి జ్యూరీ విడిచిపెట్టింది. వోటరుగా నమోదైన కౌలుదార్లను దొరలు భూముల నుంచి వెళ్ళగొట్టారు. రహదారి పక్కన వారికి డేరాలు లేచాయి. స్టోక్లీ కార్మైకేల్ ప్రభృతుల తోడ్పాటుతో స్థానికులు నల్లచిరుత గుర్తుగా సొంత పార్టీ పెట్టుకున్నారు. ఓక్లాండు పార్టీ ఆ గుర్తును తీసుకున్నది ఆ తరువాతే. 1966లో ఓడారు. 1970లో జాన్ హ్యూలెట్ షెరీఫ్‌గా గెలిచాడు.

ఈ పోరాటానికి నీడనిచ్చిందెవరు? ప్రధానంగా సొంత భూమి కలిగిన కొద్దిమంది నల్ల రైతులు. వైట్ హాల్ పరిసరాలలో వారికి చిన్న కమతాలుండేవి. కార్యకర్తలకు ఇల్లిచ్చింది వారు. వెళ్ళగొట్టే దొర లేనివాడే ముందు నిలవగలిగాడు. అదే మట్టి, అదే రంగు. యాజమాన్యం మారగానే దాని రాజకీయమూ మారింది.

నేడు మళ్ళీ మట్టి మీదికే నేరం నెడుతున్నారు. జిగటమన్ను నీరు పీల్చదు కనుక మామూలు సెప్టిక్ ట్యాంకులు ఇక్కడ పనిచేయవు. ఎన్నో ఇళ్ళ మురుగు పెరట్లోనే నిలుస్తుంది. పనికివచ్చే ఏర్పాటుకు వేల డాలర్లు కావాలి. అది లేనివారిపై రాష్ట్రం క్రిమినల్ కేసులు పెట్టింది! కేథరిన్ కోల్మన్ ఫ్లవర్స్ వంటివారి కృషి వల్ల, విచారణ తరువాత, 2023 మేలో కేంద్ర న్యాయశాఖకూ రాష్ట్ర ఆరోగ్యశాఖకూ ఒప్పందం కుదిరింది. 2025 ఏప్రిల్‌లో న్యాయశాఖే దాన్ని రద్దుచేసింది. నల్లమట్టి పత్తి పండించినంతకాలం దాని లాభం దొరలది. అదే మట్టి మురుగును పీల్చకపోతే ఆ నష్టం మాత్రం పేదవాడి సొంతం.

కనుక ఏ ప్రాంతపు జనాభా పట్టిక చేతికి వచ్చినా, మొత్తం ఎంతని చూసి వూరుకోకూడదని నా అభిప్రాయం. ఎవరిని ఎవరు లెక్కించారు, ఎందుకు లెక్కించారు, ఏ లెక్కను తగలబెట్టారు అని అడగాలి. 35,651 నుంచి 10,311కి దిగిన అంకెలో నేల తప్పేమీ లేదు. నేల అక్కడే వుంది.