ప్రయాణికుల రైళ్లు, రకాలు (భారతీయ రైల్వేలు)

భారతీయ రైల్వేల్లో ప్రయాణికుల రైళ్లను వేగం, ఆగే స్టేషన్లు, బోగీల తరగతులను బట్టి వర్గీకరిస్తారు. ప్యాసింజర్ బండి దారిలో దాదాపు ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది; వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ వస్తుంటే లూప్ లైనులోకి తప్పుకుని దారి ఇస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని కరెంటుతో నడిచే మెము, డీజిల్‌తో నడిచే డెము రైళ్లు చేస్తున్నాయి. వీటికి రెండు చివరలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కనుక గమ్యం చేరాక ఇంజిను తిప్పి తగిలించే పని ఉండదు. 2003లో మొదలైన హైదరాబాద్ ఎంఎంటీఎస్ నగర లోకల్ సర్వీసు.

బ్రాడ్‌గేజ్‌పై సగటు వేగం గంటకు కనీసం 55 కిలోమీటర్లు ఉంటే ఆ బండి సూపర్‌ఫాస్ట్. అదనపు చార్జీ వసూలు చేయడానికి ఇది ఏమంత గొప్ప వేగం కాదు. రకాన్ని నంబరే చాలావరకు చెప్పేస్తుంది: విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్ 12727లో మొదటి రెండంకెలు సూపర్‌ఫాస్ట్‌కు గుర్తు. 5తో మొదలైతే ప్యాసింజర్, 6 అయితే మెము, 7 అయితే డెము, సున్నా అయితే పండగలకూ సెలవులకూ వేసే ప్రత్యేక రైలు.

పూర్తి ఏసీ రాజధాని 1969లో హౌరా–న్యూఢిల్లీ మధ్య మొదలైంది. పగటి ప్రయాణానికి శతాబ్ది 1988లో, తక్కువ చార్జీ ఏసీ గరీబ్‌రథ్ 2006లో, దురంతో 2009లో వచ్చాయి. 2019 నాటి వందే భారత్‌కు విడిగా ఇంజిను లేదు. మోటార్లు బోగీల కిందే ఉంటాయి. సికింద్రాబాద్–విశాఖపట్నం మధ్య ఇది 2023 జనవరిలో మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన అమృత్ భారత్‌లో ఏసీ లేని స్లీపర్, జనరల్ బోగీలు, ముందూ వెనకా ఒక్కో ఇంజిను ఉంటాయి.