మధుమేహం: మోతాదు తగ్గకుండా ఖర్చు తగ్గించుకోవచ్చు

అనంతపురం: వానలు ముఖం చాటేసి వేరుశనగ చేతికి రాని ఏడు, పల్లెల్లో మొదటి కోత మందుల చీటీపైనే పడుతుంది. రెండు పూటలా వేసుకోవాల్సిన మాత్రను ఒక పూటతో సరిపెట్టుకునే రోగులు ఉన్నారు. అదుపు తప్పిన మధుమేహం కళ్లు, మూత్రపిండాలు, పాదాలను దెబ్బతీస్తే అయ్యే వైద్య ఖర్చు ముందు ఆ ఆదా ఏపాటిదీ కాదు. మోతాదు తగ్గించకుండానే వ్యయం తగ్గించుకునే మార్గాలు ఉన్నాయి.

మందులు: మెట్‌ఫార్మిన్ వంటి మాత్రలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. 104 వాహనం గ్రామానికి వచ్చే రోజున రక్తపరీక్ష చేయించుకుని మందులు తీసుకోవచ్చు. బయట కొనాల్సివస్తే 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో అవే మందులు తక్కువ ధరకు లభిస్తాయి. చీటీపై మందు అసలు పేరు రాయాలని వైద్యుని కోరాలి. పేటెంటు గడువు తీరితే ధరలు పడిపోతాయి. 60 రూపాయల దాకా పలికిన ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రకు 2025 మార్చిలో గడువు తీరగానే 10 రూపాయల లోపు రకాలు వచ్చాయి. సిటాగ్లిప్టిన్‌కు 2022లోనే గడువు ముగిసింది. ఇంకా పాత ధరకే కొంటున్నవారు వైద్యుని అడిగి మార్చుకోవచ్చు.

పరీక్షలు: గ్లూకోమీటరు కొనేముందు స్ట్రిప్పుల ధర విచారించాలి. అసలు ఖర్చు వాటిదే. మాత్రలతో చక్కెర నిలకడగా ఉన్నవారికి సాధారణంగా రోజూ పరీక్ష అవసరం ఉండదు. ఇన్సులిన్ వాడేవారు మాత్రం పరీక్షలు తగ్గించరాదు.

ఇన్సులిన్: సీసాల్లో వచ్చే హ్యూమన్ ఇన్సులిన్ పెన్నుల కన్నా చౌక. అయితే వైద్యుని సలహా లేనిదే మారరాదు. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి వాడాలి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు పెరగడమో, అంతకంత తగ్గడమో జరిగి ప్రాణాపాయం ఏర్పడుతుంది.

ఫ్రిజ్ లేని ఇళ్లలో మట్టికుండ ఆదుకుంటుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ నిలిపి, సీసాను నీరు చొరని డబ్బాలో ఉంచి లోపల పెట్టాలి. గాలిలో తేమ తక్కువైన ఈ మెట్ట ప్రాంతంలో కుండ బాగా చల్లబడుతుంది. 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ శక్తి తగ్గలేదని సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం 2021లో వెల్లడించాయి. ఇక్కడి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కనుక కుండ తప్పనిసరి. సీసాలు ఒక్కొక్కటిగానే కొనుక్కోవాలి.

ఆహారం, పాదాలు: ఖరీదైన 'షుగర్' పిండ్లు అక్కరలేదు. కొర్రలు, రాగి సంగటి, ఉలవలు చాలు. సంగటి కూడా చక్కెరను పెంచుతుంది కనుక ముద్ద చిన్నదిగా ఉండాలి. చేనికి చెప్పులు లేకుండా వెళ్లరాదు. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.